సిపాయి ముద్ద

ఆర్మూర్ల శివరాత్రి దగ్గరికొస్తే గాలి గూడ పచ్చగైతది. నేను ఊరికే అంటలేను, ఒక్కసారి వచ్చి చూడుండ్రి. బస్సు దిగంగనే ముక్కుకు పసుపు తగుల్తది. హోటల్ల చాయ్ తాగితే చాయ్‌ల పసుపు, దండెం మీది బట్టలల్ల పసుపు, పండుకున్నంక తలకింది మెత్తల పసుపు. ఊరు ఊరంత పెండ్లిపిల్ల లెక్క నలుగు పెట్టుకొని కూసుంటది. గా ఊరికి జర అవుతల, మాక్లూర్ పోయే తొవ్వల, కమీషన్ ఏజెంట్ వెంకటరాజం సేటు చేను ఉండె. చేన్ల పసుపు ఎండబోసే కల్లం, కల్లం పక్కన ఒక గుడిసె. గా కల్లానికి కావలి ఉండేటోడు పెద్దులు.

పెద్దులుకు పెండ్లాం రత్నవ్వ, తల్లి భూమవ్వ, ఆరేండ్ల బిడ్డ తార. పసుపు తవ్వుడు మొదలైతే ఇంటికి తాళమేసి నలుగురు కల్లం కాడికే వచ్చేస్తరు. కొమ్ములు ఉడకబెట్టి, ఎండబెట్టి, సంచులల్ల నింపి నిజామాబాద్ మార్కెట్‌కు తోలేదాక వాళ్ళకు గా గుడిసెనే ఇల్లు. అరె, నలుగురన్ననా? ఐదుగురు. సిపాయిని మరిచిపోతే తార నన్ను బతకనీయదు.

సిపాయి కుక్క. ఎర్రటి ఊరకుక్క, ఒక చెవు నిలబడుతది, ఒక చెవు పండుకుంటది. జీతం భత్యం లేకుండ డ్యూటీ చేస్తడని పెద్దులే గా పేరు పెట్టిండు. తార నడక నేర్చింది వాని ఈపు పట్టుకొనే. వాని తోక గుంజుతది, చెవులల్ల వేళ్ళు పెడ్తది, వాడు కిక్కురుమనడు. ఎవ్వలన్న కొత్తోళ్ళు పోరి మీద చెయ్యేస్తే మాత్రం పండ్లు చూపెడ్తడు.

పొద్దుగూకంగనే రత్నవ్వ అన్నంల చారు పోసి, మెత్తగ పిసికి ఒక ముద్ద చేసేది. కల్లం అంచుకు ఒక రాతి తొట్టి ఉండె, ఎవ్వలు చెక్కిండ్రో ఎప్పుడు చెక్కిండ్రో ఎవ్వలికీ ఎరుక లేదు. గా తొట్ల ముద్ద పెట్టి పిలిచేది.

"సిపాయీ... బువ్వ తిందువు రా..."

మాట నోట్లకెళ్ళి పూర్తిగ రాకముందే వాడు ముందల ఉండేటోడు. వాని ఎనుక తన గిన్నె పట్టుకొని తార ఉరికొచ్చేది. వాడొక బుక్క, ఇదొక బుక్క. ఇద్దరికీ రెండో పిలుపు అక్కరే ఉండకపోయేది.

వానికొక అలవాటుండె. తొట్టి కాడికి వచ్చి ముద్దను ముట్టకముందు, కల్లం అవుతల ఉన్న పాత మోటబాయి దిక్కు తిరిగేటోడు. ఎడమ ముంగాలు జర పైకెత్తి, మూడు సార్లు పొట్టిగ మొరిగి, గొంతులనే గుర్రుమని ఒక్క గురక తీసేటోడు. గప్పుడు తిండి. ఎండైనా, వానైనా, పానం బాగలేకున్నా సరే.

"సిపాయి హాజరు చెప్తున్నడే" అని నవ్వేటోడు పెద్దులు.

భూమవ్వ నవ్వకపోయేది. ముసలిదాని కండ్లకు పొర వచ్చి సగం చూపు పోయింది గని చెవులు మస్తు చురుకు. "వాని పని వాడు చేస్తున్నడు. మీ పని మీరు చేసుకోండ్రి" అనేది. ఆమె కొత్తకోడలుగ గీ కల్లానికి వచ్చినప్పటి సంది ఒక్క పంట గూడ కుక్క లేకుండ చూడలేదు. ఒకటి చస్తే, దాని మీద మన్ను ఆరకముందే ఇంకొకటి వచ్చేది. సేటు తండ్రి ఉన్నప్పుడు ఆయననే తెప్పించేటోడంట. ఎందుకు దొరా అని అడిగితే, అడుగకు అనేటోడంట.

రెండువేల ఆరుల, పసుపు తవ్వుడు మొదలైన కొన్నాళ్ళకే సిపాయి సచ్చిపోయిండు. రోగం లేదు, దెబ్బ లేదు. ముసలోడైండు, గంతే. తెల్లారి రత్నవ్వ లేచి చూస్తే తొట్టి పక్కన, మోటబాయి దిక్కు మొఖం పెట్టి, ఎడమ కాలు ముడుచుకొని పండుకున్నడు. పండుకున్నడనే అనుకున్నది. చెయ్యేస్తే కట్టెలెక్క అయిండు.

ఇంటి మనిషి పోయినట్టే ఏడ్చిండ్రు. ఎందుకేడువరు? సొంత అన్నదమ్ములు గూడ అంత ఇమానంగ ఉంటున్నరా గీ కాలంల? కల్లానికీ బాయికీ నడుమ ఒక మోదుగు చెట్టు ఉండె, పూత మీదున్నది. దాని కింద పెద్దులు గుంత తవ్విండు. రత్నవ్వ వాని నొసటికి పసుపు పెట్టి, ఒక ముద్ద గుంతల పెట్టింది. తార ఏడుపు ఆపితే గద! మన్ను పోస్తుంటే "వానికి కండ్లల్ల పడుతది బాపూ" అని తండ్రి చెయ్యి పట్టుకున్నది.

తెల్లారి పెద్దులు పెర్కిట్ నుంచి ఒక కుక్కపిల్లను తెచ్చిండు. తార దాన్ని చూసి తల గోడకు కొట్టుకున్నది. "సిపాయి జాగల ఎవ్వడొద్దు!" అని ఒక్కటే లొల్లి. పెద్దులుకు పానం ఉసూరుమన్నది. కుక్కపిల్లను వాపస్ ఇచ్చొచ్చిండు.

"పోరి ఏడిస్తె ఏడువనీయిరా" అన్నది భూమవ్వ. "కల్లం మీద కుక్క ఉండాలె."

"తెద్దాంలే అవ్వా. దాని పానం జర కుదుటపడనీ."

ముసలోళ్ళ మాట, సద్దన్నం మూట అంటరు గని, మూట ఇప్పేటోళ్ళెవ్వలు?

తార అన్నం బంద్ చేసింది. పొద్దున లేదు, మాపున లేదు. నోట్ల పెడితే ఉమ్మేస్తది. ఆర్మూర్ల డాక్టర్‌కు చూపిస్తే, రోగమేం లేదు, దిగులు పడ్డది, తింటే అన్నీ సక్కగైతయన్నడు. తింటే గద! బుగ్గలు లోపటికి పోయినయి, కండ్ల కింద నలుపు వచ్చింది. రత్నవ్వకు ఇద్దరు పిల్లలు పుట్టిపోయినంక దక్కిన పిల్ల ఇది. గామె గుండెల ఏమున్నదో నేను చెప్పాల్నా?

గా మాపున ఆమెకొక ఉపాయం తోచింది. ఎప్పటిలెక్కనే ముద్ద చేసి తొట్ల పెట్టింది. తారను పక్కన కూసోబెట్టుకున్నది.

"చూడు బిడ్డా. సిపాయికి బువ్వ పెడుతున్న. వాడు తింటడు, నువ్వు గూడ తినాలె మరి."

పిలిచింది. "సిపాయీ... బువ్వ తిందువు రా..."

చెట్టు మీద ఆకు గూడ కదలలేదు. తార పెదవి వణికింది. బిడ్డ మల్ల ఏడుస్తదేమో అని రత్నవ్వ ఇంకొక్కసారి పిలిచింది. ఏమీ లేదు. మూడోసారి గూడ పిలిచింది.

పక్కన కడాయిల పసుపు ఉడుకుతున్నది. దాని ఆవిరి తెల్లగ లేచి కల్లం మీద పరుచుకున్నది. మూడో పిలుపుకు గా ఆవిరి నడుమ పాయలెక్క చీలి, మల్ల కలిసిపోయింది. గాలై ఉంటది అనుకున్నది రత్నవ్వ. తార మాత్రం అటే చూసి ఫక్కున నవ్వింది. గిన్నె దగ్గరికి గుంజుకొని గబగబ తిన్నది.

తల్లి కడుపు. బిడ్డ నాలుగు బుక్కలు తిన్నదంటే చాలు, అబద్ధమేందో నిజమేందో ఎవ్వలు చూస్తరు?

తెల్లారి చూస్తే తొట్టి నాకినట్టు సాఫ్ ఉన్నది. నక్క తిని ఉంటది. తెల్లారి మాపున మల్ల పిలిచింది, మల్ల సాఫ్. తార బుగ్గలకు రంగు వచ్చింది, ఆటలు మొదలైనయి. కడాయి అవుతలికి పోయి ఒక్కతే కూసొని గుసగుస మాట్లాడుకునుడు గూడ మొదలైంది. ఆడపిల్ల, బొమ్మలాట ఆడుకుంటున్నదిలే అనుకున్నది రత్నవ్వ.

ఒకనాడు పిలిచి గుడిసెలకు వస్తే, మంచంల భూమవ్వ లేచి కూసున్నది.

"రత్నా... ఎవ్వల్ని పిలుస్తున్నవే నువ్వు?"

"పోరి తింటలేదని గట్ల ఊకెనే పిలుస్తున్న అత్తా."

"పేరు పెట్టి పిలిచినవా? బువ్వకు?"

"ఆఁ."

ముసలిది మంచం పట్టె పట్టుకొని దిగింది. గుడిసె అవుతల కడాయి కింద మంట చిటచిటమన్నది.

"పెద్దలకు గూడ మనం ఏడాదికొక్కనాడే పెడ్తం పిల్లా. పెత్రమాసనాడు పేరు పెట్టి రమ్మంటం. తిన్నంక నీళ్ళు విడిచి, మీ జాగకు మీరు పోండ్రి అంటం." చెయ్యి తడుముకుంట వచ్చి కోడలు మణికట్టు పట్టుకున్నది. "రమ్మన్నవు. పొమ్మన్నవా?"

"లేదత్తా" అన్నది రత్నవ్వ.

"సిపాయి కడుపు నిండ తిని పోయిండు. గాని పేరు ఖాళీగ ఉన్నది. ఆకలైనోడు ఎవ్వడైనా తొడుక్కుంటడు."

"ఎవ్వలత్తా? ఎవ్వలున్నరు గాడ?"

"నాకేం ఎరుకనే? మా అత్తకే ఎరుక లేకుండె. గా బాయి దిక్కు కుక్క మొరిగితే కొట్టొద్దని ఒక్కటే చెప్పింది" అన్నది ముసలిది. 

రత్నవ్వ మొండిది. భయమైనా సరే చూడాలె అనుకునే రకం. మర్నాడు కడాయి పొయ్యిలకెళ్ళి బూడిద జల్లెడ పట్టి, తొట్టి సుట్టూత మెత్తగ పరిచింది. నక్కైతే నక్క కాలు పడుతది, పందైతే పంది గిట్ట పడుతది. చూసినంక పానం నిమ్మలమైతదని ముద్ద పెట్టి పిలిచింది.

తెల్లారి పోయి చూసింది.

గిట్టలు కావు. గోర్లు కావు. రెండు అరచేతులు, రెండు మోకాళ్ళు. మనిషి అంబాడుకుంట వచ్చినట్టు బాయి దిక్కుకెళ్ళి తొట్టి దాక జాడలున్నయి. అరచేతులు చిన్నగ లేవు, పెద్దగ లేవు. వేళ్ళు మాత్రం పొడుగ్గున్నయి.

వచ్చిన జాడ ఉన్నది. పోయిన జాడ లేదు.

సుట్టూత తిరిగి చూసింది. ఏ దిక్కుకూ లేదు. అంటే వచ్చింది వచ్చినట్టే కల్లం మీద ఉన్నది.  పొరకతోని బూడిదంత ఊడ్చేసింది.

పెద్దులుకు చెప్తే, "కూలోళ్ళ పిల్లలు ఆడుకొని ఉంటరే" అని కొట్టిపారేసిండు. మల్ల పెండ్లాం మొఖం చూసి జర తగ్గిండు. "సరే తియ్యి. రేపు కుక్కపిల్లను తెస్త. తార ఏడ్చినా వినను, సరేనా? ఇయ్యాల సంచులకు ఆర్మూర్ పోవాలె. రాత్రికి వచ్చేస్త."

పెద్దులు పోయిండు. గా మాపున ముద్ద చెయ్యొద్దు, పిలువొద్దు అని రత్నవ్వ ఒట్టు పెట్టుకున్నది.

పొద్దుగూకింది. కరెంటు పోయింది, గది ఎప్పుడుండె గనుక. ఆఖరి కడాయి పొయ్యి మీద ఉన్నది. దాని మీద కప్పిన పసుపాకుల సందులకెళ్ళి ఆవిరి బుసబుస వస్తున్నది. దూరంగ సిద్ధుల గుట్ట రాళ్ళు చీకట్ల కలిసిపోయినయి. రత్నవ్వ కందిలి ముట్టిచ్చి, గుడిసె గడపకు అడ్డంగ బూడిద పోసి, తడక గుంజి తాడుతోని కట్టింది. తార ముందల గిన్నె పెట్టింది.

"పిలువవా అమ్మా?"

"సిపాయి పోయిండు బిడ్డా. ఇంక రాడు."

"పోలేదు. గాడ కూసున్నడు."

"యాడ?"

"కడాయి అవుతల. ఆకలైతున్నదంట."

రత్నవ్వ చేతుల బుక్క అట్లనే ఆగింది. "అంటనా? సిపాయి మాట్లాడుతడానే?"

తార తల్లిని పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "సిపాయి మాట్లాడడు. గీ సిపాయి మాట్లాడుతడు."

మంచంల భూమవ్వ దేవుని పేరు తలుచుకొనుడు మొదలువెట్టింది.

అవుతల ఏదో కదిలింది. మొదలు రాయి మీద రాయి గీకినట్టు సప్పుడు. తొట్టిని ఎవ్వలో దగ్గరికి గుంజుకుంటున్నరు. తర్వాత నాలుకతోని నాకే సప్పుడు. వట్టి రాయిని. ఆగకుండ... ఆగకుండ... నాకుతనే ఉన్నది. పసుపు వాసన కిందికెళ్ళి ఇంకొక వాసన లేసింది. ఎన్నేండ్ల సందో చేద ముంచని బాయి అడుగు బురద వాసన.

నాకుడు ఆగింది.

"అత్తా..." అన్నది రత్నవ్వ పెదవులతోనే.

"సప్పుడు చెయ్యకు."

గుడిసె సుట్టూత ఏదో తిరుగుతున్నది. మెత్తగ... అరచెయ్యి, మోకాలు... అరచెయ్యి, మోకాలు. తడక కాడ ఆగింది. తడక సందులకెళ్ళి ఊపిరి కొట్టినట్టు కందిలి దీపం వాలిపోయింది, మల్ల లేసింది.

గప్పుడు పిలుపు వచ్చింది.

"తారా... బువ్వ తిందువు రా..."

రత్నవ్వ గొంతే అది. సక్కగ ఆమె గొంతే. రోజు ఆమె సిపాయిని పిలిచే పిలుపే, గా చివరి సాగదీసుడు గూడ గట్లనే ఉన్నది. ఆమె తన నోరు తనే చేతితోని మూసుకున్నది.

"అమ్మ పిలుస్తున్నది" అన్నది తార.

"అమ్మ ఈడున్న బిడ్డా! నేను అమ్మను! నన్ను చూడు!"

తార చూసింది. తల్లిని చూసింది, తడకను చూసింది. ఎవ్వలు అమ్మనో తేల్చుకోనట్టు చూసింది.

"తారా... బువ్వ తిందువు రా..."

రత్నవ్వ బిడ్డను గట్టిగ ఒడిలకు గుంజుకున్నది. భూమవ్వ మంచం దిగి తడుముకుంట వచ్చి ఇద్దరి మీద చేతులేసింది. మూడో పిలుపు వచ్చింది. అది అవుతలికెళ్ళి రాలేదు. గుడిసెల లోపట, వాళ్ళ ఎనుకకెళ్ళే వచ్చింది.

దీపం ఆరింది.

ఒక్క రెప్పపాటు. తాడు తెగిన సప్పుడు, తడక పడ్డ సప్పుడు. రత్నవ్వ ఒడిల తడుముకుంటే భూమవ్వ చేతులున్నయి, బిడ్డ లేదు.

"తారా!"

ఉరికింది. అవుతల ఏముందని ఉరుకుతది? అంత తెలుపే. కడాయి పొంగి నీళ్ళు పొయ్యిల పడి, ఆవిరి కల్లమంత నిండింది. చెయ్యి చాపితే చెయ్యి కనిపిస్తలేదు. కాళ్ళ కింద ఉడికిన కొమ్ములు జారుతున్నయి. పడ్డది, లేసింది, మల్ల పడ్డది.

"అమ్మా..."

బాయి దిక్కుకెళ్ళి. తార గొంతు. ఆమె అటు ఉరికింది.

"అమ్మా..."

తొట్టి దిక్కుకెళ్ళి. గది గూడ తార గొంతే. ఆమె ఆగిపోయింది.

"అమ్మా, భయమైతున్నదే..." బాయి దిక్కు.

"అమ్మా, భయమైతున్నదే..." తొట్టి దిక్కు.

ఎటు పోవాలె? ఓ నా తండ్రీ, ఎటు పోవాలె? ఒక దిక్కు పోతే ఇంకొక దిక్కు... ఆమె ఆవిరి నడుమ నిలబడి రొమ్ము గుద్దుకున్నది. పేరు పెట్టి పిలిస్తే ఎవ్వడైనా తొడుక్కుంటడన్నది అత్త. గని ఇంకెవ్వలున్నరు గీ కల్లం మీద? వచ్చినదానికి బువ్వ పిలుపే ఎరుక. సిపాయికి ఇంకొక పిలుపు గూడ ఎరుక. దొంగ మీదికి, పంది మీదికి పంపే పిలుపు. గది వాడు సచ్చినంక ఎవ్వలూ పిలువలేదు.

గుండెలవిసేటట్టు మొత్తుకున్నది. "సిపాయీ! ఉస్కో!"

అంత నిశ్శబ్దం. కడాయి గూడ ఉడుకుడు ఆపినట్టైంది.

మోదుగు చెట్టు కిందికెళ్ళి మూడు సార్లు... పొట్టిగ... మొరుగుడు వినొచ్చింది. ఎనుకనే గుర్రుమని గురక.

రత్నవ్వకు పానం లేచొచ్చింది. "నా కొడుకా, వచ్చినవారా" అని ఏడ్చింది. మెత్తటి బొచ్చు ఆమె పిక్కకు రాసుకుంట పోయింది. వాడు సుట్టూత తిరుగుతున్నడు, మొరుగుతున్నడు. ఎటు చూసి మొరుగుతున్నడో గా తెలుపుల ఎట్ల కనబడుతది? గప్పుడే ఒక చిన్న చెయ్యి ఆమె చేతులకు వచ్చింది. సల్లగ, తడితడిగ ఉన్నది.

"అమ్మా, నేనే."

వంగి చూసింది. తారనే. గౌను, జడ, మెడల నల్లపూస. ఇంకేం గావాలె? బిడ్డను సంకనేసుకొని గుడిసె దిక్కు ఒకటే ఉరుకుడు. సిపాయి ఆమె ఎనుకనే మొరుగుకుంట వచ్చిండు. తడక నిలబెట్టి మంచం అడ్డం పెట్టింది.

రాత్రంత వాడు గడప కాడ నిలబడి మొరిగిండు. గొంతు పగిలేదాక మొరిగిండు. "విను బిడ్డా, సిపాయి మనకు కాపు కాస్తున్నడు" అని రత్నవ్వ తార ఈపు నిమిరింది. తార ఏం మాట్లాడలేదు. భూమవ్వ తడుముకుంట వచ్చి పిల్ల తల మీద చెయ్యి పెట్టింది. నెత్తి, నొసలు, బుగ్గ, చేతివేళ్ళు. ఒక్కొక్క వేలు పట్టి చూసింది. చెయ్యి ఎనుకకు తీసుకొని, గోడ మూలకు పోయి కూసున్నది. తెల్లారేదాక గాడనే ఉన్నది.

కోడికూత యాళ్ళకు బాయి దిక్కుకెళ్ళి ఒక్కసారి, శానా దూరంకెళ్ళి వచ్చినట్టు, "అమ్మా" అని వినొచ్చింది. మాయ. నమ్మొద్దు. రత్నవ్వ రెండు చెవులు మూసుకొని బిడ్డను ఇంకా గట్టిగ పట్టుకున్నది.

లారీ దొరకక పెద్దులు తెల్లారినంక వచ్చిండు. గడప కాడ బూడిద మీద జాడలు చూసి బీడి పారేసిండు. కుక్క కాళ్ళ జాడలు. ఎడమ ముంగాలు జాడ మాత్రం లేదు.

"వాడే రత్నా! మన సిపాయే!" అని కూలబడి ఏడ్చిండు. మల్ల జర సేపటికి కండ్లు తుడుచుకొని, "గని గిదేందే? కాపు కాసేటోడు తొవ్వ దిక్కు చూస్తడు. వీడు రాత్రంత ఇంట్లకు చూసి మొరిగినట్టున్నది" అన్నడు.

గోర్లన్నీ గుడిసె దిక్కే ఉన్నయి. గప్పుడు రత్నవ్వకు గది ఆలోచించే ఓపిక లేకుండె.

వారం తిరగకముందే కావలి పని ఇడిచిపెట్టిండ్రు. ఆర్మూర్ల కిరాయి అర్ర తీసుకున్నరు. పెద్దులు మార్కెట్ల హమాలీకి పోతున్నడు, రత్నవ్వ బీడీలు చేస్తున్నది. తార మంచిగున్నది. మంచిగనేంది, రెండు ముద్దలు ఎక్కువనే తింటున్నది. భూమవ్వ మాత్రం మనుమరాలితోని కూసొని ఒక్క పూట గూడ తినలేదు. ఎందుకత్తా అంటే పండ్లు లేవంటది, అరగదంటది. వానకాలంల కన్ను మూసింది. పోయే ముందల కోడలు చెయ్యి పట్టుకొని ఏదో చెప్పబోయింది. తార వచ్చి గడపల నిలబడంగనే నోరు మూసుకున్నది.

దసరా పోయినంక పెద్దులు ఒక కుక్కపిల్లను తెచ్చిండు. తెల్లది, రెండు నెలలది, సిపాయిని కన్నది లేదు విన్నది లేదు. తార ఏడుస్తదేమో అని ఇద్దరూ భయపడ్డరు. తార ఏడువలేదు. సిపాయి పేరు గూడ తియ్యలేదు. కుక్కపిల్లను జర సేపు చూసి అవుతలికి పోయింది.

గా మాపున రత్నవ్వ కుక్కపిల్లకు ముద్ద చేసి పల్లెంల పెట్టింది. వాడు తోకూపుకుంట ఉరికొచ్చి, తినకుండ ఆగిపోయిండు. తలుపు దిక్కు తిరిగిండు. ఎడమ ముంగాలు జర పైకెత్తిండు. మూడు సార్లు పొట్టిగ మొరిగి, గా చిన్న గొంతులనే గుర్రుమన్నడు.

తలుపు కాడ తార నిలబడి ఉన్నది.

రత్నవ్వ చేతికి అన్నం మెతుకులు అట్లనే ఉన్నయి. "తారా... బువ్వ తిందువు రా" అన్నది. తార కదలలేదు. తల్లినే చూస్తున్నది. ఇదివరకైతే మాట పూర్తిగాకముందే గిన్నె పట్టుకొని ఉరికొచ్చేది. మల్ల ఈ మధ్య? రత్నవ్వ యాది చేసుకున్నది. నిన్న, మొన్న, ఆర్మూర్ వచ్చినప్పటి సంది, గా రాత్రి సంది, మూడో పిలుపుకే వస్తున్నది.

"తారా... బువ్వ తిందువు రా..."

కదలలేదు. కుక్కపిల్ల గోడకు ఆనుకొని వణుకుకుంట మొరుగుతనే ఉన్నది. మోదుగు చెట్టు, గా తెలుపు, కోడికూత యాళ్ళకు బాయి దిక్కుకెళ్ళి వచ్చిన గా ఒక్క "అమ్మా"... అన్నీ ఒక్కసారే రత్నవ్వ మీదికి వచ్చినయి. మూడోసారి పిలువబోయి ఆగింది. 

తార గడప అవుతలనే నిలబడి మెల్లగ నవ్వింది.

"ఇంకొక్కసారి పిలువు, అమ్మా."